పేరు పాదం లేని పాట

అనగనగా ఒక అడవిలో, ఏడుమెలికల వాగు ఒడ్డున, ఒక బడి ఉండేది. ఆ బడికి గోడలు లేవు. తలుపు లేదు. గంట కూడా లేదు. చదునైన ఒక నల్ల బండ ఉండేది, అంతే. ఆ బండ మీద నిలబడి ముంగిస వరాలు టీచరు పాఠం చెప్పేది. చుట్టూ గడ్డిలో కూర్చుని పిల్లలు వినేవాళ్ళు. ముగ్గురు కుందేటి పిల్లలు, ఒక ఎలుగు పిల్ల, ఇద్దరు దుప్పి పిల్లలు, లెక్కపెడదామంటే ఒక్కచోట కుదురుగా ఉండని ఎలుక పిల్లలు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ముంగిస ఎలుకల్ని తినదా? తింటుంది. కానీ బడి పెట్టిన రోజే వరాలు టీచరు ఆ అలవాటు మానేసింది. పాఠం చెప్పే పిల్లల్ని తినకూడదు కదా.

ఒక ఏడు వానాకాలం గట్టిగా వచ్చింది. తొమ్మిది రోజులు ఆగకుండా కురిసింది. వాగు పొంగింది. బడి వాగుకు ఇవతల, పిల్లల ఇళ్ళు వాగుకు అవతల గుట్ట మీద. ఇంకేముంది, ఒక్క పిల్లా బడికి రాలేదు.

వరాలు టీచరు ఖాళీ గడ్డి వైపు చూస్తూ బండ మీద కూర్చునేది. "తిన్నారో లేదో. తడిశారో ఏమో. నేర్చుకున్నదంతా మరిచిపోతారేమో" అని తనలో తనే గొణుక్కునేది.

అప్పుడు పచ్చయ్య అనే చిలుక వచ్చి కొమ్మ మీద వాలాడు.

"టీచరమ్మా! వాగుకేసి అట్లా చూస్తే నీళ్ళు తీస్తాయా ఏంటి? నీ పాఠం నాకు చెప్పు. నేను ఎగిరిపోయి పిల్లలకి అప్పజెబుతాను."

"మధ్యలో ఏదైనా మరిచిపోతేనో?"

"చిలుకని పట్టుకుని మరుపు అంటావేంటమ్మా! మా తాత విన్న తుమ్ముని కూడా మరిచిపోలేదు."

వరాలు టీచరు నవ్వింది. పొద్దున్నే చిన్న పాఠం చెప్పింది. పచ్చయ్య రివ్వున ఎగిరిపోయాడు. అవతలి గుట్ట మీద ఒక చింతచెట్టు ఉంది. ఆ చెట్టు కొమ్మ మీద కూర్చుని, టీచరు గొంతుతోనే, టీచరు దగ్గుతో సహా పాఠం చెప్పాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. మూడు రోజులు బడి అలాగే నడిచింది.

నాలుగో రోజు పచ్చయ్య దిగులు ముఖంతో వచ్చాడు.

"టీచరమ్మా, గుట్ట మీద పళ్ళన్నీ రాలి కుళ్ళిపోయాయి. పిల్లలు ఆకలి మీద ఉన్నారు. చారల తీగ ఒక్కటే పచ్చగా ఉంది. దాని దుంప తినొచ్చా అని అడుగుతున్నారు."

వరాలు టీచరుకి వెంటనే సూదులవ్వ పాట గుర్తొచ్చింది.

సూదులవ్వ ఎవరో చెప్పాలి కదా. ఆమె ఒక ముసలి ముళ్ళపంది. వాగుకు ఇవతలే, ఎర్రరాళ్ళ కింద ఆమె బొరియ. అడవిలో ఏ దుంప మంచిదో, ఏ దుంప చెడ్డదో ఆమె అన్నీ తన నాలుక మీద వేసుకుని తెలుసుకుంది. ఒక దుంప తిని రెండు రోజులు వాంతులు చేసుకుంది. ఒకటి తింటే నాలుక వాచి వారం రోజులు మాట రాలేదు. మరొకటి తింటే ముందు కాలు మొద్దుబారింది. ఆ కాలు మళ్ళీ మామూలు కాలేదు.

అలా తెలుసుకున్నదంతా మూడు వానాకాలాలు కూర్చుని పాటగా కట్టింది. ఇరవై నాలుగు చరణాల పాట. మొదటి పదహారు చరణాలూ ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో చెబుతాయి. తరువాతి ఏడూ దాన్ని ఎలా బాగుచేసుకుని తినాలో చెబుతాయి. చివరి చరణం పేరు పాదం.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరు పాట కట్టినా చివర తమ పేరు పెట్టుకునేవాళ్ళు. దాన్నే పేరు పాదం అనేవాళ్ళు. పాట పాడినవాళ్ళు పేరు పాదం పాడకుండా లేవకూడదు. అన్నం తిన్నవాళ్ళు చెయ్యి కడక్కుండా లేవరు చూడండి, అట్లాగే.

సూదులవ్వ పేరు పాదం ఇది:

సూదులవ్వ కట్టిన పాట
అడిగితే చెబుతా మిగిలిన మాట

కాలు మొద్దుబారాక అవ్వ తవ్వుకోలేదు. అందుకని వానాకాలంలో పాట వినడానికి వచ్చేవాళ్ళు తలా ఒక దుంప తెచ్చేవాళ్ళు. అవ్వ పాడేది. అనుమానాలు అడిగితే తీర్చేది. ఆ దుంపలే ఆమెకు ఏడాదంతా తిండి.

వరాలు టీచరు ఏటా వెళ్ళి వినేది. పాటంతా ఆమెకు నోటికి వచ్చు.

"చారల దుంపకి రెండు చరణాలు చాలు" అంది వరాలు టీచరు. "తవ్వేది ఒకటి, నానబెట్టేది ఒకటి. ఆ రెండూ చెప్పి పేరు పాదం చెబుతాను. విను."

"రెండేనా?" అన్నాడు పచ్చయ్య. "రేపు ఇంకో దుంప అంటారు. ఎల్లుండి ఇంకోటి అంటారు. రోజూ నా రెక్కలు అరగాలా? పాటంతా ఒక్కసారే ఇచ్చెయ్యి టీచరమ్మా. వానాకాలం అయ్యేదాకా నువ్వు కొత్త పాఠం తయారు చేసుకునే పనే ఉండదు."

వరాలు టీచరు నిజంగానే అలిసిపోయి ఉంది. ఆ మాట చెవికి తియ్యగా తగిలింది.

"పాటంతా అంటే మరి అవ్వని అడగాలి కదా?"

"ఎందుకమ్మా? నువ్వేమైనా సంతలో పెట్టి అమ్ముకుంటున్నావా? పాఠం కోసమే కదా! పాఠం చెప్పేవాళ్ళకి అన్నీ చెల్లుతాయి."

ఎర్రరాళ్ళు ఎంతో దూరం కాదు. మధ్యాహ్నం లోపల వెళ్ళి రావచ్చు. కానీ వరాలు టీచరుకి ఒక భయం కలిగింది. అడిగితే అవ్వ వద్దంటుందేమో. అడక్కపోతే వద్దనడానికి ఉండదు కదా.

పిల్లలూ, ఇలాంటి ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తే అక్కడే ఆగండి. వద్దంటారేమో అనిపించిందంటే, అడగాల్సిన పనేనని అర్థం.

వరాలు టీచరు ఆగలేదు. ఇరవై మూడు చరణాలూ గడగడా చెప్పేసింది. ఇరవై నాలుగోది చెప్పబోతే పచ్చయ్య రెక్కలు విదిల్చాడు.

"అది వద్దులేమ్మా. అందులో తీగా లేదు, దుంపా లేదు. అదేమైనా తినడానికి పనికొస్తుందా? ఇప్పటికే మోయలేనంత అయింది."

వరాలు టీచరు ఒకసారి నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. మూడోసారి తెరిచి, "సరే, వెళ్ళు" అంది.

పచ్చయ్య ఇరవై మూడు చరణాలూ పొల్లు పోకుండా చెప్పాడు. గుట్ట మీద పిల్లలు చారల దుంప తవ్వుకున్నారు. పాట చెప్పినట్టే మూడు రోజులు పారే నీళ్ళలో నానబెట్టారు. కమ్మగా తిన్నారు. అంతవరకు అంతా బాగానే ఉంది.

కానీ చింతచెట్టు మీద పచ్చయ్య ఒక్కడే లేడు. పై కొమ్మల్లో మూడు చిలుకలు కూర్చుని విన్నాయి. ఆ మూడూ రెండో గుట్టకి పోయి పాడాయి. అక్కడ ముప్పై చిలుకలు విన్నాయి. ఆ ముప్పై మూడో గుట్టకి పోయి పాడాయి. ఇక ఎన్ని విన్నాయో ఎవరికి తెలుసు? బండ దగ్గర చెప్పిన మాట బండ దగ్గర ఉంటుంది. చిలుక నోట పడ్డ మాటకి ఇల్లు ఉండదు.

పైగా అన్ని చిలుకలూ పచ్చయ్య లాంటివి కావు. పాట పొడుగ్గా ఉంది. ఒక చిలుక చివరి రెండు చరణాలు వదిలేసింది. దాని దగ్గర విన్న చిలుక ఇంకో మూడు వదిలేసింది. మూడో గుట్ట చేరేసరికి పాటలో పదహారు చరణాలే మిగిలాయి. ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో ఉంది. దాన్ని ఎలా తినాలో లేదు.

వాగు తీసింది. పిల్లలు మళ్ళీ బడికి వచ్చారు. వరాలు టీచరు ఎప్పటిలాగే ఒక దుంప పట్టుకుని సూదులవ్వ దగ్గరికి వెళ్ళింది.

బొరియ ముందు ఎవరూ లేరు. వినేవాళ్ళు కూర్చునే చోట గడ్డి మొలిచింది. అవ్వ ఒక్కతే కూర్చుని ఎండు బెరడు కొరుక్కుంటోంది.

"రా అమ్మా వరాలూ! నువ్వొక్కదానివైనా వచ్చావు."

"మిగతావాళ్ళేరీ అవ్వా?"

"ఎవరూ రాలేదు తల్లీ. నిన్న కుందేలు కనబడితే పిలిచాను. 'మా కొమ్మ మీద చిలుకే పాడుతుంటే బురదలో ఇంత దూరం ఎందుకవ్వా' అంది. ఏ చిలుక, ఏం పాడుతోంది అని అడిగేలోపు గెంతుకుంటూ పోయింది. నా పాట పాతబడిందేమోలే."

వరాలు టీచరు చెప్పేయాలనుకుంది. కానీ చెప్పలేదు. తెచ్చిన దుంప అక్కడ పెట్టి, తల వంచుకుని వచ్చేసింది.

ఆ రోజే చెప్పి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్న పాఠం జరుగుతోంది. పొదలు విరుచుకుంటూ ఒక అడవిపంది బడి ముందుకు దూసుకొచ్చాడు. మూడో గుట్ట కోరలయ్య. అతని వీపు మీద, ఒంటినిండా చారలున్న అతని పిల్లాడు బొద్దు వేలాడుతున్నాడు. వాడి గొంతు బంతిలా వాచింది. ఊపిరి గుర్రుగుర్రుమంటోంది.

"ఏయ్ టీచరూ! సూదుల ముసల్ది ఎక్కడుంటుంది?"

"ఎందుకు? ఏమైంది?" అంది వరాలు టీచరు భయంగా.

"చారల దుంప తవ్వి తిను అని పాట కట్టిందంట! నా కొడుకు తిన్నాడు. చూడు ఎట్లా అయ్యాడో! ఆ పాట ఎవరిదిరా అంటే ఒక చిలుక 'అందరిదీ' అంటుంది. ఇంకోటి 'పక్క గుట్టది' అంటుంది. మూడోది చెప్పింది, ఈ అడవిలో దుంపల సంగతి తెలిసింది ఆ ముసలిదానికే అని. ఇవాళ దాని బొరియ తవ్వి పోస్తా! ఎటు?"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. అందరూ టీచరు వైపు చూశారు.

ఎటో చూపిస్తే చాలు. కోరలయ్య వెళ్ళిపోతాడు. పాట చిలుకలకి ఇచ్చింది వరాలు టీచరే అని ఎవరికీ తెలియదు. పచ్చయ్య కూడా కిమ్మనకుండా ఆకుల చాటున ఒదిగి కూర్చున్నాడు. చెబితేనో? ఆ కోరలు ఆమె వైపు తిరుగుతాయి. ఒకవేళ బతికి బయటపడ్డా, దొంగపాట పంపిన టీచరు దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? బడి పోతుంది.

వరాలు టీచరు నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఈసారి మూయలేదు.

"బొరియ అటు, ఎర్రరాళ్ళ కింద. కానీ కోపం ఇటు చూపించు కోరలయ్యా. పాట సూదులవ్వదే. చిలుకకి ఇచ్చింది నేను. అవ్వకి చెప్పకుండా ఇచ్చాను. పేరు తీసేసి ఇచ్చాను."

"నువ్వా!" కోరలయ్య నేలని కాలితో గీరాడు. "పిల్లలకి బుద్ధులు చెప్పే నువ్వా!"

"నేనే. తొక్కాలనుకుంటే తర్వాత తొక్కు. నేనెక్కడికీ పారిపోను. ఇప్పుడు నీ పిల్లాడికి మందు కావాలి. అది తెలిసింది అవ్వ ఒక్కతికే. బొరియ తవ్వేస్తే మందు ఎవరిస్తారు?"

వీపు మీద బొద్దు సన్నగా మూలిగాడు.

"నడు" అన్నాడు కోరలయ్య.

వరాలు టీచరు ముందు, కోరలయ్య వెనక, అంత దూరం నుంచి పిల్లలు. ఎర్రరాళ్ళు చేరేసరికి సూదులవ్వ చప్పుడు విని బయటకు వచ్చి నిలబడింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. పిల్లాణ్ణి చూసి ఒకటే అడిగింది.

"చారల దుంప కదూ? నానబెట్టారా?"

"నానబెట్టమని పాటలో ఎక్కడుంది?" అని అరిచాడు కోరలయ్య.

"ఇరవయ్యో చరణంలో ఉంది" అంది అవ్వ. నెమ్మదిగా పాడింది.

పారే నీటిలో పెట్టండి
మూడో నాటికి ముట్టండి

కోరలయ్య నోరు వెళ్ళబెట్టాడు. "మా గుట్ట మీద ఈ చరణం లేదే!"

"పాట మీ గుట్ట దాకా ఎట్లా వచ్చిందో తర్వాత చూద్దాం. ముందు చింతకాయలు తెండి. ఉరకండి!"

ఎలుక పిల్లలు ఉరికాయి. ఎలుగు పిల్ల చెట్టెక్కి కొమ్మలు దులిపింది. అవ్వ చింతకాయలు రాతి మీద నలిపి, దొప్పలో పులుపు నీళ్ళు చేసి, బొద్దు గొంతులో కొంచెం కొంచెంగా పోసింది. ఒకసారి పోసింది. వాడు కక్కాడు. రెండోసారి పోసింది. కక్కాడు. మూడోసారి లోపలికి దిగింది.

పొద్దు వాలే వేళకి వాపు తగ్గింది. బొద్దు కళ్ళు తెరిచి, "నాన్నా, ఆకలి" అన్నాడు. కోరలయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అంత పెద్ద అడవిపంది ఏడిస్తే పిల్లలు చూస్తారని.

అప్పుడు వరాలు టీచరు అవ్వ ముందుకు వచ్చి జరిగినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు. పచ్చయ్య మీదకి నెట్టలేదు. "వాడు అడిగాడు. ఇచ్చింది నేను" అంది.

అవ్వ "ఒక్కమాట అడిగి ఉంటే పోయేది కదమ్మా" అని, బొరియలోకి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట వరాలు టీచరుకి ముల్లులా దిగింది.

మర్నాడు బండ ఎక్కింది. పాఠం మొదలుపెట్టింది. "సూర్యుడు తూర్పున..." అని ఆగిపోయింది.

"ఏమైంది టీచర్?"

"ఇది మొదట ఎవరు చెప్పారో నాకు తెలియదు. కనుక్కుని చెబుతాను."

రెండో రోజు, "వాన మబ్బులోంచి..." అని ఆగింది. "ఇదీ ఎవరిదో."

మూడో రోజు అసలు నోరే తెరవలేదు. ఎలుగు పిల్ల లేచి అడిగింది, "టీచర్, రెండూ రెండూ నాలుగు అనొచ్చా? దానికి కూడా ఎవరినైనా అడిగి రావాలా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. వరాలు టీచరు నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

ఎలుగు పిల్ల తిన్నగా ఎర్రరాళ్ళ దగ్గరికి పోయింది. "అవ్వా, మా టీచరు పాడైపోయింది. నువ్వే బాగు చెయ్యాలి" అంది.

అవ్వ కుంటుకుంటూ బడికి వచ్చింది. ముళ్ళు ఝల్లుమంటుంటే పిల్లలు దూరం జరిగారు. ఆమె బండ ముందు కూర్చుంది.

"ఏమే వరాలూ, పాఠం ఎందుకు ఆపావు?"

"భయంగా ఉందవ్వా. ఏ మాట ముట్టుకున్నా అది ఎవరిదో అనిపిస్తోంది."

"పిచ్చిదానా! సూర్యుడు ఎవరివాడే? చారల దుంప నీళ్ళలో నానితే విషం పోతుందన్న సంగతి నాదా? అది అడవిది. నాకంటే ముందు ఆ వాగుకే తెలుసు. నీ మాటల్లో నువ్వు చెప్పుకో, ఎవరు కాదంటారు? ఆ సంగతిని పట్టుకుని, మాట వెనక మాట పేర్చి, మూడు వానాకాలాలు కూర్చుని నేను కట్టింది పాట. అది నాది."

"మరి పాటలోది ఒక్క ముక్క కూడా పాఠంలో చెప్పకూడదా?"

"ఎందుకు చెప్పకూడదు? ఆ రోజు పిల్లలకి కావలసింది రెండు చరణాలు. ఆ రెండూ చెప్పి నా పేరు చెప్పి ఉంటే నేను సంతోషించేదాన్ని. పాఠానికి కావలసిన ముక్కకి నన్ను అడగను కూడా అక్కర్లేదు. పాటంతా ఎత్తుకెళ్ళి చిలుకల మధ్య కుమ్మరించావు చూడు, దానికి అడగాలి. అడిగితే చిలుకలు తోక వదిలేస్తాయి జాగ్రత్త అని నేనే చెప్పేదాన్ని."

వరాలు టీచరు కొంచెం ధైర్యం తెచ్చుకుంది. "ఎంతయితే తగినంత అవ్వా? రెండు చరణాలా? నాలుగా? ఐదయితే తప్పా?"

"అట్లా కొలవడానికి పుల్ల ఏదీ లేదమ్మా. నీ పాఠం విన్న పిల్లకి నా బొరియకి వచ్చి మిగతాది వినాలనిపించిందా? అది తగినంత. ఇక అవ్వతో పనేముంది అనిపించిందా? అది ఎక్కువ."

ఎలుగు పిల్ల, "అయితే రెండూ రెండూ నాలుగు అనొచ్చు" అంది.

"అనొచ్చు" అంది అవ్వ. "ఐదు అంటేనే అడుగుతాను, ఎవరు చెప్పార్రా అని."

ఇప్పుడు వరాలు టీచరు కూడా నవ్వింది.

కానీ నవ్వితే తప్పు సరిపోదు కదా. పాట ఇంకా అడవంతా తిరుగుతోంది. తోక లేకుండా, పేరు లేకుండా. చిలుక నోట పడ్డదాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

ఆకుల చాటు నుంచి పచ్చయ్య కిందికి దిగాడు. తల ఎత్తకుండా అన్నాడు, "టీచరమ్మా, వెనక్కి తేలేం. కానీ వెనకాలే ఇంకోటి పంపగలం. ఒక్క మాట. పేరు పాదం చివర పెట్టొద్దు. మా జాతికి చివరిది జారిపోతుంది. మొదటిది మాత్రం చచ్చినా మరవం."

అవ్వా, టీచరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాతల నాటి నుంచి పేరు చివరే ఉంటోంది. అవ్వ, "ముందుంటే ఏం? కానివ్వండి" అంది.

అలా కొత్త పాఠం తయారయింది. మూడే చరణాలు. ముందు పేరు పాదం. తరువాత తవ్వే చరణం. తరువాత నానబెట్టే చరణం. పచ్చయ్య దాన్ని పట్టుకుని ఎగిరాడు. అంతటితో వరాలు టీచరు మనసు ఊరుకోలేదు. పగలు పాఠం అయ్యాక, సాయంత్రాలు తానే ఒక్కో గుట్ట ఎక్కింది. బురదలో, జలగల్లో, జారుతూ పడుతూ వెళ్ళింది. ప్రతి గుట్ట మీదా ఒకటే మాట చెప్పింది.

"మీరు పాడే పాట సూదులవ్వది. అడక్కుండా పంపింది నేను. అందులో తినే పద్ధతి జారిపోయింది. మిగతాది కావాలంటే ఎర్రరాళ్ళ దగ్గర అవ్వ ఉంది."

మొదటి గుట్ట మీద తల్లి కుందేలు, "ఈమెనా మా పిల్లలకి టీచరు!" అని మూతి తిప్పుకుంది. రెండో గుట్ట మీద కోతులు ఈలలు వేశాయి. వరాలు టీచరు చెవులు వంచుకుని విని, చెప్పాల్సింది చెప్పి, దిగి వచ్చింది. మూడో గుట్ట మీద మాత్రం కోరలయ్య దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"తొక్కడానికి వచ్చావా?" అంది.

"తొక్కేవాణ్ణే" అన్నాడు కోరలయ్య. "కానీ ఆ రోజు నువ్వు చెప్పకపోయి ఉంటే నేను ఆ బొరియ తవ్వేసేవాణ్ణి. నా పిల్లాడు నాకు దక్కేవాడు కాదు. రా, మావాళ్ళందరినీ పిలుస్తా. గట్టిగా చెప్పు."

ఇక అవ్వ బొరియ ముందు ఎదురుచూపు మొదలైంది. వరాలు టీచరు బడి వదిలాక వచ్చి అక్కడే కూర్చునేది. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ ఎవరూ రాలేదు. అవ్వ బెరడు కొరుక్కుంటూ, "వస్తే వస్తారు, లేకపోతే లేదు. నువ్వు దిగులు పడకు" అంది. కానీ ఆమె చెవులు దారి వైపే ఉన్నాయి.

మూడో రోజు పొదలు కదిలాయి.

ముందు చిన్న ముట్టె కనబడింది. తరువాత చారలు. బొద్దు! వాడి నోట్లో వాడి తలంత దుంప ఉంది. దాన్ని అవ్వ ముందు దొర్లించి, ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"అవ్వా, మా కొమ్మ మీద చిలుక మూడు చరణాలే చెప్పి ఆపేసింది. మిగతాది నాకు రాదు పొమ్మంది. ముందు నీ పేరు చెప్పింది. అడిగితే మిగిలిన మాట చెబుతావంట కదా. అడగడానికి వచ్చా."

వాడి వెనక పొదల్లో కోరలయ్య నిలబడి ఉన్నాడు. నోటినిండా దుంపలు పెట్టుకుని, ముందుకి రావడానికి మొహమాటపడుతున్నాడు. అతని వెనక ఇద్దరు దుప్పులు. వాళ్ళ వెనక, మూతి తిప్పుకున్న ఆ తల్లి కుందేలు కూడా.

సూదులవ్వ ముళ్ళు ఒక్కసారి ఝల్లుమన్నాయి. అది కోపం కాదని వరాలు టీచరుకి తెలుసు.

"కూర్చో నాయనా" అంది అవ్వ. "పాట తర్వాత. ముందు నువ్వు తెచ్చిన ఈ దుంప నానబెట్టావా లేదా, అది చెప్పు."

ఆ రోజు నుంచి ఆ అడవిలో ఏ పాటయినా కట్టినవాళ్ళ పేరుతోనే మొదలవుతుంది. చిలుకలు కూడా ఇప్పటిదాకా మరిచిపోలేదు.

నీతి: పాఠం కోసమైనా సరే, ఒకరి కష్టంలోంచి కావలసినంతే తీసుకోవాలి, తీసుకున్నది ఎవరిదో ముందే చెప్పాలి, మొత్తం కావాలంటే అడగాలి.